మోడల్ మీద కంపెనీ గుర్తు: అమ్మే ముందు ఏం చూసుకోవాలి, నోటీసు వస్తే ఏం చేయాలి

ఇంట్లో అల్మారాలో పెట్టుకోవడానికి చేసుకునే మోడల్‌కు ఈ గొడవేమీ లేదు. 1:72 స్కేలు మిగ్ యుద్ధవిమానం మీద ఏ గుర్తు అంటించినా, హెచ్‌ఓ స్కేలు (1:87) రైలింజను మీద ఏ రైల్వే పేరు రాసినా, దాన్ని క్లబ్బు ప్రదర్శనలో పెట్టినా, పోటీకి పంపినా ట్రేడ్‌మార్క్ చట్టం అడ్డు రాదు. మన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం గుర్తును వ్యాపారంలో వాడితేనే అది ఉల్లంఘన. అమెరికా చట్టం చూసేదీ వ్యాపార వాడకాన్నే. తంటా అమ్మకంతో మొదలవుతుంది. యాభై డికాల్ షీట్లు (మోడల్ మీద అంటించే గుర్తుల కాగితాలు) అచ్చు వేసి ఆన్‌లైన్‌లో పెట్టినా, 3డి ప్రింటు చేసిన కారు బాడీలు పది అమ్మినా, ఎస్‌టీఎల్ ఫైళ్లకు (3డి ప్రింటుకు వాడే డిజైన్ ఫైళ్లు) నెలవారీ చందా పెట్టినా మీరు వ్యాపారంలో ఉన్నట్టే. ఫైలు ఉచితంగా ఇచ్చి, కింద విరాళం లింకు పెట్టినా సరే, వ్యాపారం కిందే లెక్కేసుకుని జాగ్రత్తపడండి. ‘లాభం రాలేదు, ఖర్చులు గిట్టితే చాలనుకున్నాం’ అన్నది సమాధానం కాదు.

ఇంకో మాట. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశంలోనే. హైదరాబాద్‌లో అచ్చు వేసి డాలస్‌లోని కొనుగోలుదారుకు పంపితే రెండు దేశాల చట్టాలూ మీకు వర్తిస్తాయి. ఒకచోట పేరున్న గుర్తుకు ఇంకోచోట అంతే రక్షణ దొరకాలని లేదు. ‘ప్రియస్’ పేరు మీద టొయోటా వేసిన కేసులో 2017 డిసెంబరులో మన సుప్రీంకోర్టు చెప్పింది అదే: విదేశంలో ఎంత పేరున్నా సరిపోదు, ఆ కాలానికి భారత మార్కెట్లో ఆ పేరు పాతుకుపోయిందని రుజువు కావాలి. టొయోటా ఆ రుజువు చూపలేకపోయింది.

కోర్టులు దేన్ని చూశాయి

మోడళ్ల మీద నడిచిన తగాదాల్లో నాలుగైదు గుర్తుంచుకుంటే, మిగతా సలహాలన్నిటికీ కారణం తెలుస్తుంది.

మోడల్ రైళ్ల లోకంలో అందరికీ తెలిసినది యూనియన్ పసిఫిక్ వ్యవహారం. అమెరికాలో దశాబ్దాల పాటు రైల్వేల పేర్లు, రంగులు, కవచం గుర్తులు మోడల్ కంపెనీలు స్వేచ్ఛగా వాడుకున్నాయి. రైల్వేలు దాన్ని ఉచిత ప్రచారంగానే చూశాయి. 2000 తర్వాత యూనియన్ పసిఫిక్ లైసెన్సు తీసుకోవాలి, రాయల్టీ కట్టాలి అంది. తన పేరుకే కాదు, తనలో కలిసిపోయిన సదరన్ పసిఫిక్, వెస్టర్న్ పసిఫిక్, మిస్సోరి పసిఫిక్, చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ లాంటి పాత రైల్వేల పేర్లకూ. 2004లో ఏథర్న్, లయనెల్ కంపెనీల మీద ఒమాహా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. 2006 చివర్లో ఎంటీహెచ్ అనే మోడల్ రైళ్ల కంపెనీతో రాజీ కుదిరి, మోడల్ తయారీదారులకు రాయల్టీ లేని శాశ్వత లైసెన్సు ఇవ్వడానికి ఒప్పుకుంది. దీన్ని అభిరుచి గలవాళ్ల విజయంగా చెప్పుకుంటారు. విజయమే, కాకపోతే అది ఒప్పందం, తీర్పు కాదు. మోడల్ మీద రైల్వే గుర్తు వాడొచ్చని ఏ జడ్జీ రాయలేదు. రేపు ఇంకో రైల్వే ఇదే పట్టు పడితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

తీర్పు కావాలంటే జర్మనీ వైపు చూడాలి. న్యూరెంబర్గ్‌కు చెందిన ఆటెక్ కంపెనీ రిమోట్‌తో నడిచే 1:24 ఓపెల్ ఆస్ట్రా బొమ్మ కారు అమ్మింది. గ్రిల్ మీద ఓపెల్ మెరుపు గుర్తు ఉంది. ఓపెల్ ఆ గుర్తును వాహనాలకే కాక, 1990లో బొమ్మలకు కూడా రిజిస్టరు చేయించుకుంది. కేసు యూరోపియన్ కోర్టు ఆఫ్ జస్టిస్ దాకా వెళ్లింది. 2007 జనవరి 25 నాటి తీర్పులో కోర్టు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: బొమ్మ కొనేవాళ్లు ఆ గుర్తును చూసి ‘ఇది ఓపెల్ వాళ్లు చేసిన బొమ్మ’ అనుకుంటారా, లేక ‘అసలు కారులో ఉన్నది బొమ్మలోనూ చూపించారు’ అనుకుంటారా? రెండోదే అయితే బొమ్మల గుర్తుగా దాని పనికి దెబ్బ తగలదు. ఆ లెక్కన 2010 జనవరిలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఓపెల్ దావా కొట్టేసింది. ఆటెక్ తన పేరును రిమోట్ మీద, మాన్యువల్ మీద స్పష్టంగా వేసుకోవడం అక్కరకొచ్చింది.

యూరోపియన్ కోర్టు తీర్పులోనే ఉన్న ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ‘లోగో కేవలం వస్తువు లక్షణాన్ని వర్ణిస్తోంది’ అనే వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఆటెక్ గెలిచింది కొనేవాళ్లు ఏమనుకుంటారన్న పాయింటు మీదే. కాబట్టి మీ పెట్టె, మీ లిస్టింగు, మీ ఫొటో ఆ పాయింటును బలపరచాలి. పైగా ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, లాయరు వాదనలో ఉదాహరణగా పనికొస్తుంది, అంతే.

లోగో పీకేస్తే గండం గట్టెక్కినట్టే అనుకునేవాళ్లు లానార్డ్ కేసు చూడాలి. జనరల్ మోటార్స్ బండి హమ్మర్‌ను పోలిన బొమ్మ వాహనం తయారుచేసిన లానార్డ్ టాయ్స్ మీద ఆ కంపెనీ దావా వేసి, 2006లో అమెరికా ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో గెలిచింది. అక్కడ పేచీ హమ్మర్ ముందుభాగం ఆకారం మీద. మన చట్టంలోనూ వస్తువు ఆకారం ట్రేడ్‌మార్క్ కావొచ్చు. చూడగానే గుర్తుపట్టే గ్రిల్లు, హెడ్‌లైట్ల అమరిక ఉన్న బండికి పేరు మార్చి ‘ఆఫ్‌రోడ్ ట్రక్’ అని అమ్మడం రక్షణ కాదు. లానార్డ్ వాళ్లు అమ్మినదీ వేరే పేరుతోనే.

విడిభాగాలు అమ్మేవాళ్లకు రెండు కేసులు. చికాగోలో గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ చాప్టర్‌హౌస్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ మీద వేసిన దావాలో 2013లో జ్యూరీ కొన్ని అంశాల్లో కంపెనీ వైపు, కొన్నింట్లో చిన్న సంస్థ వైపు తేల్చి, 25,000 డాలర్ల పరిహారం వేసింది. గేమ్స్ వర్క్‌షాప్ బొమ్మలకు సరిపోయే చేతులు, భుజకవచాలు చాప్టర్‌హౌస్ అమ్మడం మీద మొదలైన తగాదా అది. రెండోది మన దగ్గరిదే, మోడళ్లది కాదు, ప్రెషర్ కుక్కర్లది. రబ్బరు గాస్కెట్ల ప్యాకెట్ మీద ‘హాకిన్స్ కుక్కర్లకు సరిపోతుంది’ అని అచ్చు వేశారు. పక్క మాటలు నల్లగా, ‘హాకిన్స్’ ఎర్రగా. 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ హాకిన్స్ పక్షాన తీర్పిచ్చింది. ‘దీనికి సరిపోతుంది’ అని చెప్పుకునే హక్కు 30వ సెక్షన్ ఇస్తుంది, కానీ చెప్పాల్సిన అవసరం ఉండాలి, చెప్పిన తీరు నిజాయితీగా ఉండాలి. డికాల్ ప్యాకెట్ డిజైన్ చేసేటప్పుడు ఆ ఎర్ర అక్షరాలు గుర్తు తెచ్చుకోండి.

ముందు వెతకండి: ఏ గుర్తు, ఏ తరగతి, ఎవరి పేరు మీద

మోడల్ మొదలుపెట్టే ముందే రిజిస్ట్రీలో వెతకాలి. మన ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. వర్డ్‌మార్క్ పెట్టెలో పేరు కొట్టి, తరగతి (ఏ రకం వస్తువులకు అన్నది) సంఖ్య ఇవ్వాలి. ఒకే తరగతితో ఆపొద్దు. నాలుగు చూడాలి: 28 (బొమ్మలు, స్కేల్ మోడల్ కిట్లు), 12 (వాహనాలు, విమానాలు, రైళ్లు), 16 (డికాల్స్, అచ్చు సామగ్రి), ఫైళ్లు అమ్మేవాళ్లయితే 9 (డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్లు). తర్వాత అదే పేరును ఫొనెటిక్ సెర్చ్‌లో (ఉచ్చారణ ఒకేలా ఉన్న పేర్లు వెతికేది) కొట్టండి. స్పెల్లింగ్ మార్చి తప్పించుకోవాలన్న ఆలోచన ఎందుకు పనికిరాదో అక్కడే తెలుస్తుంది.

ఫలితంలో చూడాల్సినవి: స్టేటస్ (రిజిస్టర్డ్ అంటే నమోదైంది, అబ్జెక్టెడ్ అంటే రిజిస్ట్రీ అభ్యంతరం చెప్పింది, అపోజ్డ్ అంటే వేరేవాళ్లు వ్యతిరేకించారు, అబాండన్డ్ అంటే దరఖాస్తు వదిలేశారు, రిమూవ్డ్ అంటే తీసేశారు), యజమాని పేరు, ఏ వస్తువులకు అని రాసిన పేరా, ఎప్పటి నుంచి వాడుకలో ఉందన్న తేదీ. దరఖాస్తు దశలో ఉన్నదాన్ని రిజిస్టరు అయినట్టు చూపించి బెదిరించే నోటీసులు వస్తుంటాయి కాబట్టి స్టేటస్ పేజీని తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. అమెరికాకు అమ్మేవాళ్లు అక్కడి పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైటులో వెతకాలి. అక్కడి పాత వెతుకులాట వ్యవస్థ టెస్ 2023 నవంబరులో మూతపడింది కాబట్టి పాత గైడ్లలోని లింకులు పనిచేయవు. యూరప్‌కు టీఎంవ్యూ అనే ట్రేడ్‌మార్క్ వెతికే సైటు చాలు.

బండి తయారీ ఆగిపోయింది కాబట్టి పేరు దిక్కులేనిదైపోయిందని అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగింది. ఆ పేరును హిందుస్థాన్ మోటార్స్ 2017లో 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌కు చెందిన పీజో గ్రూపుకు అమ్మింది. ఆ గ్రూపు 2021లో స్టెలాంటిస్‌లో కలిసింది. కారు బాడీ ఆకారం మీద డిజైన్ హక్కు మన దేశంలో గరిష్ఠంగా 15 ఏళ్లే. ట్రేడ్‌మార్క్ అలా కాదు, పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ పోతే దానికి అంతం లేదు. కాబట్టి పాత కార్ల మోడళ్లలో ఆకారం కంటే పేరుతోనే చిక్కు.

యుద్ధవిమానాల విషయంలో ఇంకో రకం తమాషా. బీ-24 లిబరేటర్ బాంబర్‌ను తయారుచేసింది కన్సాలిడేటెడ్ కంపెనీ, ‘బీ-24’ అన్నది అమెరికా సైన్యం ఇచ్చిన సంఖ్య. అయినా ఆ సంఖ్య తన ట్రేడ్‌మార్క్ అంటూ లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ తరఫున, త్రీడీ బొమ్మలు అమ్మే టర్బోస్క్విడ్ సైటుకు నోటీసు వెళ్లింది, ఒక చిత్రకారుడి బీ-24 త్రీడీ బొమ్మలు తీసేశారు. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ లాయర్లు రంగంలోకి దిగాక కంపెనీ వెనక్కి తగ్గింది. నోటీసులో రాసినదంతా నిజమని నమ్మక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

ట్రేడ్‌మార్క్‌తో సంబంధం లేని నిషేధం ఒకటుంది. నాలుగు సింహాల రాజముద్ర, జాతీయ జెండా వంటివాటిని అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 1950 చట్టం, రాజముద్రకు ప్రత్యేకంగా 2005 చట్టం చెబుతున్నాయి. వీఐపీ కారు మోడల్ నంబరు ప్లేటు దగ్గర రాజముద్ర డికాల్ వేసి అమ్మకండి. అక్కడ లైసెన్సు ఇచ్చే కంపెనీ కూడా ఉండదు.

మోడల్, డికాల్, పెట్టె

లోగోలన్నీ విడిగా డికాల్ షీటుగా అమ్మి, మోడల్‌ను ఖాళీగా అమ్మితే సురక్షితం అన్న నమ్మకం బాగా పాకింది. ఇందులో సగమే నిజం. లోగో విషయంలో ఖాళీ మోడల్ నిజంగానే సురక్షితం, లానార్డ్ కేసులోలాగా ఆకారం మీద పేచీ వచ్చే బండి అయితే వేరే సంగతి. రైల్వే మోడళ్లలో రంగు వేసి పేరు రాయని బాడీలు అమ్మడం పాత అలవాటే. కానీ లోగోలు మాత్రమే వరుసగా పేర్చిన షీటు అన్నిటికంటే బలహీనమైన వస్తువు. ఆస్ట్రా బొమ్మ మీది లోగో ‘అసలు కారులో ఉన్నదాన్ని చూపించడం’ అయింది. ఉత్త లోగోల షీటులో చూపించడానికి కారే లేదు, మీరు అమ్ముతున్నది లోగోనే. అందుకని డికాల్ షీటును ఒక నిర్దిష్ట వాహనానికి పూర్తి సెట్‌గా చేయండి: నంబర్లు, హెచ్చరిక గీతలు, సాంకేతిక గుర్తులు, ప్యానెల్ రాతలు, వాటి మధ్య అసలు స్థానానికి సరిపడే సైజులో కంపెనీ గుర్తు. ఏ స్కేలు, ఏ బండి, ఏ సంవత్సరం రూపం అన్నది షీటు మీదే రాయండి. మోడల్‌కు కావాల్సినన్నే గుర్తులు ఇవ్వండి, ఒకటి రెండు అదనం చాలు. ‘వివిధ సైజుల్లో 40 లోగోలు’ అన్న షీటు మోడల్ కోసం కాదని ఎవరికైనా తెలుస్తుంది.

3డి ఫైళ్లలో బ్యాడ్జీని బాడీతో కలిపి చెక్కొద్దు. వేరే భాగంగా పెట్టండి, ఏదైనా తకరారు వస్తే ఆ ఒక్క భాగం తీసేసి మిగతాది అమ్ముకోవచ్చు. కలిపి చెక్కితే మొత్తం ఫైలు మళ్లీ చేయాలి, పాతది కొన్నవాళ్లందరికీ కొత్తది పంపాలి. ఫైలు పేర్లలో, జిప్ ఫోల్డర్ల పేర్లలో కంపెనీ పేరుతో మొదలుపెట్టకండి. వాటిని కూడా సెర్చ్ ఇంజన్లు చదువుతాయి. బాడీ అడుగున మీ బ్రాండు, స్కేలు చెక్కండి. ఇది పట్టించుకోనివాళ్లే ఎక్కువ, కానీ ‘తయారుచేసింది ఎవరు’ అన్న ప్రశ్నకు వస్తువు మీదే దొరికే జవాబు అదే.

పెట్టె మీద మీ బ్రాండు పేరు పెద్దగా, మొదట ఉండాలి. వాహనం పేరు దానికంటే చిన్నగా, మామూలు ఫాంటులో, పక్క మాటల రంగులోనే. కంపెనీ వాడే ఫాంటు, కంపెనీ వాడే రంగుల జోడీ వద్దు. పెట్టె ముందుభాగాన లోగో అచ్చు వేయొద్దు. కట్టిన మోడల్ ఫొటోలో సహజంగా కనిపించే లోగో వేరు, మూలన అలంకారంగా పెట్టిన లోగో వేరు. ‘ఈ కంపెనీతో మాకు సంబంధం లేదు, లైసెన్సు లేదు’ అన్న వాక్యం వెనకవైపు చీమతలంత అక్షరాల్లో ఉంటే దండగ. ముందువైపు, కనీసం స్కేలు రాసినంత సైజులో వేయండి. ఒక్క ఆ వాక్యంతో గట్టెక్కలేరు, మిగతావన్నీ సరిగ్గా ఉంటే మాత్రం బలం ఇస్తుంది.

అసలు కంపెనీ కిట్ కొని, కట్టి, రంగులు వేసి అమ్మేవాళ్లకు ఇంత బెడద లేదు. చట్టబద్ధంగా కొన్న వస్తువును తిరిగి అమ్ముకోవచ్చు. కాకపోతే వస్తువు స్థితి మార్చినప్పుడు గుర్తు యజమాని అభ్యంతరం చెప్పే వీలు 30(4) సెక్షన్ ఇస్తుంది కాబట్టి, ఫలానా కంపెనీ కిట్, కట్టింది మేము, ఫలానా మార్పులు చేశాం అని స్పష్టంగా రాయాలి.

లిస్టింగ్ రాసే తీరు

నోటీసుల్లో ఎక్కువ భాగం వస్తువును చూసి రావు, లిస్టింగ్ శీర్షికను చూసి వస్తాయి. కంపెనీల తరఫున పనిచేసే ఏజెన్సీలు సాఫ్ట్‌వేర్‌తో పేర్లు వెతికి, దొరికినవన్నీ గుంపుగా రిపోర్టు చేస్తాయి. కాబట్టి శీర్షిక మీ బ్రాండుతో మొదలవ్వాలి, కంపెనీ పేరు చివర్లో రావాలి, ఒక్కసారే రావాలి.

‘యూనియన్ పసిఫిక్ డికాల్స్ ఒరిజినల్ క్వాలిటీ’ అన్నది తప్పు. ‘మీ బ్రాండు – హెచ్‌ఓ 1:87 వాటర్‌స్లైడ్ డికాల్స్, యూనియన్ పసిఫిక్ డీజిల్ ఇంజన్ల మోడళ్ల కోసం’ అన్నది మెరుగు. ఒరిజినల్, అఫీషియల్, జెన్యూన్, ఓఈఎం అన్న మాటలు ఎక్కడా వద్దు. బ్రాండ్ అని అడిగే గడిలో కార్ల కంపెనీ పేరో, విమాన కంపెనీ పేరో నింపడం అన్నిటికంటే ఖరీదైన తప్పు: తయారీదారు వాళ్లేనని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. అక్కడ మీ పేరు రాయండి. ట్యాగుల్లో పోటీ కంపెనీల పేర్లన్నీ కుప్ప పోయొద్దు. మొదటి ఫొటోలో లోగో దగ్గర నుంచి తీసిన చిత్రం కాకుండా మొత్తం మోడల్ కనిపించాలి, పక్కన స్కేలు తెలిసేలా ఒక కొలబద్ద. కంపెనీ కేటలాగు ఫొటోలు వాడితే ట్రేడ్‌మార్క్ గొడవకు కాపీరైట్ గొడవ తోడవుతుంది.

మీ బ్రాండు పేరును 28వ తరగతిలో రిజిస్టరు చేయించుకోవడం మంచి పని. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఫారం టీఎం-ఎ. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై ఆఫీసే. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా టీఎం అని వేసుకోవచ్చు, వలయంలో ఆర్ గుర్తు మాత్రం వేయకూడదు.

లిస్టింగ్ తీసేస్తే

మొదట మెయిల్ పూర్తిగా చదివి, ఫిర్యాదు కాపీరైట్ మీదా, ట్రేడ్‌మార్క్ మీదా అన్నది చూడండి. మందు వేరువేరు. అమెరికా డీఎంసీఏ చట్టం కింద వచ్చిన కాపీరైట్ ఫిర్యాదుకు ప్రతినోటీసు ఇవ్వొచ్చు. అవతలివాళ్లు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో సైటు వస్తువును తిరిగి పెట్టాలి. ప్రతినోటీసులో మీ పేరు, చిరునామా ఇవ్వాలి, అవి ఫిర్యాదుదారుకు చేరతాయి. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు కూడా రాయాలి. హైదరాబాద్‌లో కూర్చుని అలవాటుగా టిక్ పెట్టే గడి కాదది.

ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకు డీఎంసీఏ వర్తించదు. ఈబే సైటులో హక్కుదారులు ఫిర్యాదు చేసే వెరో కార్యక్రమంలోలాగా ఫిర్యాదుదారు సంప్రదింపు వివరాలు మెయిల్‌లో ఉంటాయి, వాళ్లకే రాసి ఫిర్యాదు ఉపసంహరించమని అడగాలి. ఐదారు వాక్యాలు చాలు: వస్తువు ఏమిటి, స్కేలు ఎంత, తయారీదారుగా మీ పేరు ఎక్కడెక్కడ ఉంది, గుర్తు ఎందుకు ఉంది, శీర్షికలో ఏ మార్పు చేయడానికి సిద్ధం. చాలా ఫిర్యాదులు సాఫ్ట్‌వేర్ పెట్టినవి కాబట్టి మనిషి చూసేసరికి కొన్ని అక్కడే తేలిపోతాయి. ఈలోపు అదే వస్తువును వేరే పేరుతో మళ్లీ పెట్టడం, ఇంకో ఖాతా తెరిచి అమ్మడం చేయొద్దు. ఒక లిస్టింగ్‌తో పోయేది మొత్తం ఖాతాకు చుట్టుకుంటుంది. అదే కంపెనీ పేరున్న మిగతా లిస్టింగ్‌లను కూడా తాత్కాలికంగా డ్రాఫ్టులోకి మార్చి పెట్టండి.

లాయరు నోటీసు వస్తే

కవరు దాచండి, అందిన తేదీ రాయండి. నోటీసులోని 7 రోజులు, 15 రోజులు అన్న గడువు పంపినవాళ్లు పెట్టుకున్నది, చట్టం పెట్టింది కాదు. అలాగని పట్టించుకోకుండా పక్కన పడేస్తే కోర్టులో అది మీకు వ్యతిరేకంగా కనిపిస్తుంది. ఫోన్ చేసి మాట్లాడకండి. ‘తెలియక చేశాం సార్, క్షమించండి’ అని వాట్సాప్‌లో పెట్టే మెసేజే తర్వాత మీ ఒప్పుకోలుగా కోర్టుకు వస్తుంది. ఫైళ్లు, ఆర్డర్ల వివరాలు చెరిపేయకండి. ఎన్ని అమ్మారు, ఎంత వచ్చింది అన్నది లెక్క తేల్చుకుని మీ దగ్గరే ఉంచుకోండి. ఇరవై షీట్లు అమ్మిన కేసులో ఆ చిన్న అంకే మీకు మంచి రక్షణ.

తర్వాత నోటీసులో ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్లన్నీ రిజిస్ట్రీలో ఒక్కొక్కటిగా చూడండి. 12వ తరగతిలో మాత్రమే రిజిస్టరై ఉంటే, బొమ్మల విషయంలో కంపెనీ 29(4) సెక్షన్ మీద ఆధారపడాల్సి రావొచ్చు: గుర్తుకు భారత్‌లో పేరుప్రఖ్యాతులు ఉన్నాయని, మీరు సరైన కారణం లేకుండా దాన్ని సొమ్ము చేసుకున్నారని లేదా దానికి హాని చేశారని చూపాలి. అది వాళ్లకు కాస్త ఎక్కువ పని. 28లో కూడా ఉంటే వాళ్ల చేయి పైన ఉంటుంది. అయితే 28లో రిజిస్టరు చేసి ఐదేళ్లకు పైగా ఇక్కడ ఒక్క బొమ్మా అమ్మకపోతే 47వ సెక్షన్ కింద ఆ నమోదును తీసేయమని అడిగే దారి ఉంది. చిన్న తయారీదారు ఆ ఖర్చు పెట్టకపోవచ్చు, కానీ మీ లాయరు జవాబులో ఆ ఒక్క వాక్యం ఉంటే బేరం స్వరం మారుతుంది. ఉత్తుత్తి బెదిరింపు అయితే 142వ సెక్షన్ కింద మీరే దావా వేయొచ్చు, కంపెనీ చురుగ్గా ఉల్లంఘన దావా వేసి నడిపితే మాత్రం ఆ దారి మూసుకుంటుంది.

జవాబు ఒక పేజీ దాటొద్దు. తప్పు ఒప్పుకోకుండా, హక్కులు వదులుకోకుండా, ఫలానా తేదీ నుంచి ఫలానా వస్తువు అమ్మకం ఆపాం అని రాయడం సాధ్యమే. చాలా తగాదాలు అక్కడే ముగుస్తాయి. కంపెనీకి కావాల్సింది ఫైలు మూసుకోవడానికి ఒక కాగితం. ఆ కాగితాన్ని వాళ్లు రాసి పంపితే మాత్రం ప్రతి లైనూ చదవాలి. ‘ఏ వస్తువు మీదా ఎన్నటికీ’ అన్న చోట ఆ ఒక్క వస్తువు పేరు, ఆ దేశం పేరు రాయించండి. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలన్న షరతు కొట్టేయించండి. మీరు సొంతంగా గీసిన ఎస్‌టీఎల్ ఫైళ్ల హక్కులు వాళ్లకు బదిలీ చేయాలన్న షరతు తరచూ ఆరో పేరాలోనో ఏడో పేరాలోనో దాక్కుని ఉంటుంది. మళ్లీ ఉల్లంఘిస్తే ఇన్ని లక్షలు అన్న అంకె, లాయరు ఖర్చుల పేరా, ఈ రెండూ బేరమాడేవే. సంతకం పెట్టాక వాటి మీద వాదించడం చాలా కష్టం.

దావా వేస్తారన్న అనుమానం గట్టిగా ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 148ఎ కింద కేవియట్ అనే ముందస్తు పిటిషన్ వేయించండి. మీకు చెప్పకుండా ఏకపక్షంగా మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వకుండా అడ్డుపడుతుంది, 90 రోజులు పనిచేస్తుంది. ఏ కోర్టులో వేయాలన్నదే చిక్కు. ట్రేడ్‌మార్క్స్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం కంపెనీ తాను వ్యాపారం చేసే చోట కూడా దావా వేయొచ్చు కాబట్టి ఢిల్లీ, ముంబై లాంటి చోట్ల కూడా చూసుకోవాల్సి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరని వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. రాజీ ధర తగ్గేది సాధారణంగా అక్కడే. సమన్లు అందాక వ్రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతితో ఎంత పొడిగించినా 120 రోజులు. ఆ తర్వాత జవాబు వేసే హక్కే పోతుంది.

నకిలీ గుర్తు వేసినందుకు క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చని నోటీసులో రాస్తారు. 103వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉన్న మాట నిజమే. కానీ వారంటు లేకుండా సోదా చేయాలంటే డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి ఉండాలి, సోదాకు ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఎవరైనా తలుపు తడితే ఆ రెండూ అడగండి, స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువుకూ రాసిన జాబితా కాపీ తీసుకోండి.

లైసెన్సు అడగాలా

వంద ముక్కలు అమ్మేవాళ్లకు మామూలు లైసెన్సు గిట్టదు. రాయల్టీ శాతం చూసి భయపడతారు కానీ అసలు బరువు వేరే: ఏటా కనీస హామీ మొత్తం, ముందస్తు చెల్లింపు, ప్రతి నమూనాకూ ఆమోదం, వస్తువు వల్ల ప్రమాదం జరిగితే అన్న బీమా. దానికి బదులు పరిమిత అనుమతి లేఖ అడగండి. స్కేలు, వాహనం, గరిష్ఠ సంఖ్య (100 అనుకుందాం), దేశం, గడువు, పెట్టె మీద వేసే వాక్యం, ఆమోదానికి పంపే నమూనాల సంఖ్య ఒకే పేజీలో రాసి బ్రాండ్ లైసెన్సింగ్ విభాగానికి పంపాలి. కస్టమర్ కేర్‌కు పంపితే ఎక్కడో ఆగిపోతుంది. ‘అనుమతి అక్కర్లేదనుకుంటున్నాం’ అని గానీ, ‘అనుమతి లేకుండా ఇప్పటికే అమ్ముతున్నాం’ అని గానీ అందులో రాయొద్దు. జవాబు రాకపోతే మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి, మీరు అడిగిన ఆ ఉత్తరమే ఆ గుర్తు సంగతి మీకు ముందే తెలుసునన్న సాక్ష్యం అవుతుంది. అందుకే అమ్మకం మొదలయ్యాక కాకుండా, ఆర్ట్‌వర్క్ దశలో, అచ్చుకు ఇవ్వకముందే అడగాలి. కాదంటే అదే షీటును నంబర్లు, హెచ్చరిక రాతలతో, కంపెనీ గుర్తు లేకుండా విడుదల చేసుకోవచ్చు. గుర్తు ఎక్కడ ఏ సైజులో రావాలో కొలతల పటం మాత్రం ఇస్తే చాలు, ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు తమ మోడల్‌కు తామే వేసుకుంటారు.